వోట్లును స్థానములును

పార్లమెంటు ఎన్నికలలో వోట్లు లెక్కించు పద్ధతిని మార్చవలెనా, ఉన్నదానినే ఉంచవలెనా అను ప్రశ్న మన దేశమున ఫలితములు వెలువడిన దినమున పుట్టి, క్రొత్త మంత్రివర్గము ప్రమాణస్వీకారము చేయునాటికి చల్లారిపోవుచుండును. ఓడినవారు తమకు పడిన వోట్లను చూపి వాపోవుదురు. గెలిచినవారు తమకు దక్కిన స్థానములను చూపి నవ్వుదురు. మరుసటి ఎన్నికలో జయాపజయములు తారుమారు కాగానే ఆ వాదములును చేతులు మారును. ఇట్టి ప్రశ్నను ఎన్నికల వేడిలో విచారించుట వలన లాభము లేదు. లోకసభ స్థానములను రాష్ట్రములకు పంచు లెక్క 1971 జనాభా పైననే నిలిచిపోయినది. 2001లో జరిగిన 84వ రాజ్యాంగ సవరణము ఆ లెక్కను 2026 తరువాత జరుగు మొదటి జనగణనము వరకు కదపరాదని శాసించినది. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గైకొని జనగణనము జరుపుదుమని కేంద్ర ప్రభుత్వమువారు 2025 జూనులో ప్రకటించిరి. 2023లో ప్రారంభమైన క్రొత్త పార్లమెంటు భవనమున లోకసభకు 888 ఆసనములు అమర్చిరి. ఆసనములు ముందు అమర్చి సభ్యులను తరువాత వెదకుట మన గృహస్థులు పందిరి వేసి పిలుపులకు బయలుదేరుట వంటిదే. కావున స్థానములు పెరుగునా పెరుగదా అను చర్చతోపాటు, పెరిగిన స్థానములను ఏ రీతిని నింపవలెను అను చర్చయు జరుగవలెను. పాత స్థానములను పాత పద్ధతిననే ఉంచి, క్రొత్తగా చేర్చు స్థానములను మాత్రము వోట్ల దామాషాను బట్టి నింపవలెనని మా అభిప్రాయము.

ఇప్పటి పద్ధతి చెప్పుటకు సులభము. దేశమును 543 నియోజకవర్గములుగా విభజించిరి. ఒక్కొక్కదానియందు అందరికంటె ఎక్కువ వోట్లు వచ్చినవారే సభ్యులు. సగము వోట్లైన రావలెనను నియమము లేదు. పదుగురు పోటీచేసి వోట్లు చీలినచో నూటికి 30 వచ్చినవారును గెలువవచ్చును. తక్కిన 70 వోట్లు ఎవ్వరికిని ఉపకరింపవు. ఒక్కొక్క నియోజకవర్గములో ఇది చిన్న లోపముగానే కనుపించును. దేశమంతటి మొత్తము చూచినప్పుడు గాని దాని స్వరూపము తెలియదు.

1951-52 సంవత్సరములలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలనే చూడుడు. కాంగ్రెసునకు నూటికి 45 వోట్లు పడగా 489 స్థానములలో 364 దక్కెను. సోషలిస్టులకు నూటికి 10కి పైగా వోట్లు పడినను వచ్చినవి 12 స్థానములు. కమ్యూనిస్టులకు నూటికి 3 చిల్లర వోట్లే పడినవి. కాని వారికి 16 స్థానములు వచ్చెను. సోషలిస్టులకు దేశమంతట కొద్దికొద్దిగా మద్దతు ఉండుటయు, కమ్యూనిస్టుల బలము మద్రాసు, పశ్చిమ బెంగాలు మొదలగు కొన్ని తావులలో కూడియుండుటయు దీనికి కారణము. ఎంతమంది అనుటకంటె ఎచ్చట అనునదే ఈ పద్ధతిలో ముఖ్యము. 1984లో ఇదియే మరల జరిగెను. తెలుగుదేశము ఆంధ్రప్రదేశములో మాత్రమే పోటీచేసి, దేశమంతటి వోట్లలో నూటికి 4 చిల్లర పొంది, 30 స్థానములు గెలిచి లోకసభలో ప్రధాన ప్రతిపక్షమయ్యెను. నూటికి 7కు పైగా వోట్లు పొందిన భారతీయ జనతా పార్టీకి దక్కినవి రెండే స్థానములు. ఆ రెంటిలో ఒకటి మన హనుమకొండ. అదే పార్టీ 2014లో నూటికి 31 వోట్లతో 282 స్థానములు గెలిచి సొంత బలముతో ప్రభుత్వము నెలకొల్పెను. ఆ యేటనే దేశమంతట నూటికి 4కు పైగా వోట్లు పొందిన బహుజన సమాజ్ పార్టీకి ఒక్క స్థానమైన రాలేదు. తమిళనాట ఆ సంవత్సరము నూటికి 44 వోట్లు పొందిన అన్నా ద్రావిడ మున్నేట్ర కళగమునకు 39లో 37 స్థానములు దక్కగా, ఇంచుమించు నాల్గవ వంతు వోట్లు పొందిన ద్రావిడ మున్నేట్ర కళగమునకు శూన్యము మిగిలెను.

ఆంధ్రప్రదేశము సంగతి ఇంకను విచిత్రము. 2019 లోకసభ ఎన్నికలలో తెలుగుదేశమునకు నూటికి సుమారు 40 వోట్లు పడినవి, 25 స్థానములలో 3 దక్కినవి. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు ఇంచుమించు అదే 40 పడినవి, 4 స్థానములు దక్కినవి. ఓడినవారి పేరు మారినది గాని లెక్క మారలేదు. రెండు పక్షముల నాయకులును ఐదేండ్ల వ్యవధిలో ఒకే దెబ్బను తినియుండియు, ఆ దెబ్బకు కారణమైన పద్ధతిని గురించి గట్టిగా నోరు విప్పకుండుట మాకు ఆశ్చర్యముగా నున్నది. ఈసారి మనకే కలిసివచ్చునను ఆశ కాబోలు.

పార్టీలకు కలుగు న్యాయాన్యాయములు పార్టీలు చూచుకొనగలవు. మేము ఈ విషయమును చేపట్టుటకు వేరొక కారణమున్నది. ఎంతమంది అనునదికాక ఎచ్చట అనునదే ముఖ్యమైనచో, చెదరియున్న ప్రజల గతి యేమి? 1953లోను 1956లోను భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు సరిహద్దులకు ఆవల నిలిచిపోయిన తెలుగువారు లక్షలకొలది గలరు. 2011 జనగణనము ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైబడి యున్నారు. కర్ణాటకమున 35 లక్షలకు పైగాను, మహారాష్ట్రమున 13 లక్షలును, ఒడిశాలో 6 లక్షలకు పైగాను గలరు. హోసూరు, కోవిల్పట్టి, కోయంబత్తూరు, బళ్లారి, కోలారు, బరంపురము, రాయగడ, షోలాపురము, బొంబాయి కామాఠిపుర, ఇట్లు వీరి నివాసములు చుక్కలవలె పరచుకొని యున్నవి. ఏ లోకసభ నియోజకవర్గమునందైనను వీరొక్కరే ఫలితమును నిర్ణయించుట అరుదు. తెలుగు మాతృభాషగా గలవారు తమిళనాట శాసనసభ్యులును మంత్రులునైన సంగతి ఎల్లరెరిగినదే. వారు వ్యక్తిగతముగా ఎన్నికైరి. తెలుగు బడి మూతపడుచున్నదని పార్లమెంటులో లేచి చెప్పవలసిన అవసరము ఆ ఎన్నిక వలన వారికి కలుగలేదు.

ఈ మాటను కొంత వివరింతుము. రాజ్యాంగము 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించు వసతులు రాష్ట్రములు కల్పింపవలెనని చెప్పుచున్నది. 350బి అధికరణము భాషాల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారి ఉండవలెననియు, ఆయన నివేదికలను రాష్ట్రపతి పార్లమెంటు ఉభయసభల ముందుంచవలెననియు శాసించుచున్నది. నివేదికలు బల్లపైకి వచ్చుచునే యున్నవి. తమిళనాట 2006లో తమిళమును తప్పనిసరి పాఠముగా చేయు శాసనము వచ్చిన పిమ్మట అచ్చటి తెలుగు పాఠశాలలు పడిన ఇక్కట్లు మా పాఠకులకు తెలియనివి కావు. ఆ నివేదికను చేతబట్టి సభలో నిలువబడి ప్రశ్నించవలసిన సభ్యుడెవరు? తన నియోజకవర్గమున నూటికి అయిదుగురు తెలుగువారున్న సభ్యుడు వారిని మరచినను గెలువగలడు. వారిని జ్ఞాపకముంచుకొన్నందువలన ఆయన కేమియు ప్రత్యేకముగా కలిసిరాదు. ఆయన దుర్మార్గుడు కానక్కరలేదు. లెక్క ఆయనను అట్లు నడుపుచున్నది.

రాష్ట్రమంతటి వోట్లను కలిపి లెక్కించు స్థానములు కొన్ని ఉన్నచో ఈ లెక్క మారును. తమిళనాట నూటికి ఇంచుమించు 6 మంది తెలుగువారు. 39 స్థానములలో ఆ భాగము రెండింటికి మించును. హోసూరులోని వోటును కోవిల్పట్టిలోని వోటును ఒకే కుప్పలో పడునప్పుడు, ప్రతి పార్టీయు తన పట్టికలో వారికి నమ్మకముగల పేరు ఒకటియైన ఉంచక తప్పదు. తెలుగువారందరు ఒకే పార్టీకి వోటు వేయవలెనని గాని, తెలుగు పేరుతో వేరొక పార్టీ కట్టవలెనని గాని మేము చెప్పుట లేదు. అది మాకు ఇష్టమును కాదు. కన్నడిగుల నడుమ, ఒరియాల నడుమ, తమిళుల నడుమ తరములుగా కాపురమున్న మాకు ఇరుగుపొరుగులతో కయ్యము పనికిరాదు. ఇదే మేలు తెలుగునాట నివసించు కన్నడిగులకును తమిళులకును ఒరియాలకును ఉర్దూ మాటాడువారికిని కలుగవలెను.

అయినచో రాజ్యాంగ నిర్మాతలు దీనిని ఎరుగరా? ఎరుగుదురు. 1949 జనవరిలో రాజ్యాంగ పరిషత్తునందు కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా ప్రాతినిధ్యమును కోరుచు సవరణము ప్రతిపాదించెను. డాక్టరు అంబేద్కరు దానిని అంగీకరింపలేదు. ఆయన చూపిన కారణములు ముఖ్యముగా రెండు. దామాషా పద్ధతికి అక్షరజ్ఞానము విస్తారముగా నుండవలెను, మన దేశమున అది లేదు. సభ ముక్కచెక్కలైనచో పార్లమెంటరీ ప్రభుత్వము నిలువజాలదు. ఈ రెంటికి తోడు ప్రత్యేక నియోజకవర్గముల చేదు జ్ఞాపకము సభను ఆవరించియుండెను. 1909 నుండి మతమును బట్టి వోటరులను విడదీసిన పద్ధతి ఎచ్చటికి దారితీసెనో ఆ సభ్యులు కన్నులార చూచిరి. విభజనమునకు పిదప రెండేండ్లైనను నిండని ఆ దినములలో, అల్పసంఖ్యాకుల కొరకు వేరు లెక్క అను మాట వినబడగానే వారు ఉలికిపడుట సహజము. మేము ఆనాడు ఆ సభలో నుండినచో మా వోటును అంబేద్కరుగారి పక్షముననే పడియుండెడిది.

కాని ఆ కారణములు నేడెట్లున్నవి? 1951లో దేశమున అక్షరాస్యులు నూటికి 18 మంది. 2011లో 74 మంది. అక్షరములు రానివారును గుర్తులను చూచి తప్పు లేకుండ వోటు వేయగలరని మొదటి ఎన్నికలే నిరూపించినవి. 2024లో ఆంధ్రప్రదేశమునను ఒడిశాలోను వోటరులు ఒకే దినమున శాసనసభకొకటి, లోకసభకొకటి చొప్పున రెండు వోట్లు వేసిరి. బరంపురములోని ముదుసలి రెండు యంత్రములపై రెండు మీటలు నొక్కగలిగినప్పుడు, లోకసభకే రెండు మీటలు నొక్కుట ఆమెకు భారము కాదు. ఇక స్థిరత్వము మాట. దామాషా పద్ధతి లేకయే 1989 మొదలు 2014 వరకు పాతికేండ్లు ఏ యొక్క పార్టీకిని లోకసభలో పూర్తి బలము రాలేదు. ప్రభుత్వములు కొన్ని కూలినవి, కొన్ని నిలిచినవి. ఆ కాలముననే పి.వి. నరసింహారావుగారు అల్పసంఖ్యాక ప్రభుత్వముతో ప్రారంభించి ఐదేండ్లు నడపిరి. దేశపు ఆర్థిక మార్గమునే మరల్చిరి. 1996లో ఆయన నంద్యాలయందును, ఒడిశాలోని బరంపురమునందును గెలిచి, బరంపురమునే ఉంచుకొనిరి. తెలుగువాడు తెలుగునాటికి వెలుపల పార్లమెంటుకు ఎన్నికగుట సాధ్యమే యని దీనిని మాకు చూపువారుందురు. ప్రధానులైనచో సాధ్యమే.

పద్ధతిని మార్చుట అపూర్వమనువారు మరొక బరంపురము వాని చరిత్రను స్మరింపవలెను. వరాహగిరి వెంకటగిరిగారు 1894లో బరంపురమున జన్మించిరి. 1957లో ఆయన పార్వతీపురము నుండి లోకసభకు పోటీచేసిరి. అది ద్విసభ్య నియోజకవర్గము. రెండు స్థానములలో ఒకటి గిరిజనులకు కేటాయింపబడినది. వోట్లు లెక్కింపగా మొదటి ఇరువురును గిరిజన అభ్యర్థులే అయిరి. ఒకరు కేటాయించిన స్థానమును, రెండవవారగు డిప్పల సూరిదొర సామాన్య స్థానమును పొందిరి. గిరిగారు న్యాయస్థానమునకెక్కిరి. 1959లో సుప్రీముకోర్టు సూరిదొర ఎన్నిక సరియైనదే యని అధికసంఖ్యాక నిర్ణయముగా తీర్పు చెప్పెను. గిరిజనుడు సామాన్య స్థానమునకు అర్హుడు కాడనుట ఎట్లు? ఆ తీర్పు న్యాయమైనదని మేము భావించుచున్నాము. కాని మాకు ఇచ్చట కావలసినది వేరు. 1957లో అట్టి ద్విసభ్య నియోజకవర్గములు 91 యుండెను. 1961లో పార్లమెంటు ఒక సామాన్య శాసనముచే వాని నన్నిటిని రద్దుచేసెను. లోకసభకు వోటు వేయు పద్ధతి ఈ దేశమున ఒకసారి మారియేయున్నది. ఆకాశము విరిగిపడలేదు.

ఆ గిరిగారే 1969లో రాష్ట్రపతి పదవికి నిలిచిరి. ఎదుట నిలిచినవారు నీలం సంజీవరెడ్డిగారు. మూడవవారు సి.డి. దేశముఖ్ గారు. రాష్ట్రపతి ఎన్నికలో వోటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని తన ఇష్టక్రమమును వ్రాయును. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశముఖ్ గారికి 1,12,769 వచ్చినవి. గెలుపునకు కావలసినది 4,18,169. ఎవ్వరికిని అది రాలేదు. తక్కువ వచ్చినవారిని తొలగించి, వారి వోట్లను రెండవ ఇష్టమును బట్టి పంచగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 అయినవి. రెండవ ఇష్టము లెక్కించి గెలుపు నిర్ణయించిన రాష్ట్రపతి ఎన్నిక అదియొక్కటే. సగముకంటె ఎక్కువ బలము చేకూరినగాని రాష్ట్రపతి కారాదని రాజ్యాంగము కోరుచున్నది. రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఈ ఇష్టక్రమ పద్ధతిననే ఎన్నుకొందురు. శాసనమండలులకు పట్టభద్రులును ఉపాధ్యాయులును ఇట్లే వోటు వేయుదురు. ప్రజలు నేరుగా ఎన్నుకొను లోకసభకు మాత్రము ఈ శ్రద్ధ అక్కరలేకపోయినది.

ఇతర దేశముల అనుభవమును చూచునప్పుడు మనకు అనుకూలమైనవానినే ఏరుకొనరాదు. బ్రిటిషు ప్రజలు 2011 మేలో ఇష్టక్రమ వోటును తిరస్కరించిరి. నూటికి 68 మంది వలదనిరి. కెనడాలో 2015లో పాత పద్ధతిని మార్చుదుమని వాగ్దానము చేసి గెలిచిన ప్రధాని 2017లో ఆ మాటను విడిచిపెట్టెను. ఆ పద్ధతియే ఆయనను గద్దె నెక్కించినదని వేరుగ చెప్పనక్కరలేదు. ఇస్రాయేలులో దేశమంతయు ఒకే నియోజకవర్గము, 120 స్థానములును దామాషాయే. అచ్చట 2019 ఏప్రిలు నుండి 2022 నవంబరు లోపల అయిదు ఎన్నికలు జరిగినవి. అట్టి సంపూర్ణ దామాషా మన దేశమునకు తగదని మా దృఢాభిప్రాయము.

న్యూజిలాండు పని వేరు. 1978లోను 1981లోను అచ్చట తక్కువ వోట్లు వచ్చిన పార్టీ ఎక్కువ స్థానములు గెలిచెను. విచారణ సంఘము 1986లో మిశ్రమ పద్ధతిని సూచించినది. 1993లో ప్రజలు దానిని అంగీకరించిరి. 1996లో అమలైనది. 2011లో మరల అడుగగా నూటికి 58 మంది అదియే ఉండవలెననిరి. మన పొరుగున నున్న సింహళమున 1977లో ఒక పార్టీ నూటికి 51 వోట్లతో 168లో 140 స్థానములు పొందెను. 1978 రాజ్యాంగముతో అచ్చట దామాషా పద్ధతి వచ్చెను. అట్టి పద్ధతిలో బలమైన ప్రభుత్వమే రాదనువారు 2024 నవంబరులో అక్కడ ఒక కూటమి 225లో 159 స్థానములు గెలుచుటను చూడవలెను. ప్రజలు నిజముగా ఒకవైపు మొగ్గినప్పుడు దామాషా లెక్క వారిని ఆపదు.

మాకు అన్నిటికంటె దగ్గరగా తోచునది జర్మనీ. 1949 నుండి అచ్చట మిశ్రమ పద్ధతి నడచుచున్నది. వోటరుకు రెండు వోట్లు. ఒకటి తన ప్రాంతపు అభ్యర్థికి, రెండవది పార్టీ పట్టికకు. నూటికి 5 వోట్లు రాని పార్టీకి సాధారణముగా పట్టికలో వాటా లేదు. కాని జాతీయాల్పసంఖ్యాకుల పార్టీలకు ఆ నియమము వర్తింపదు. ఉత్తరపు సరిహద్దున నున్న డేనులు, ఫ్రీసియనుల పార్టీ 2021లో సుమారు 55 వేల వోట్లతో ఒక స్థానము పొందినది. ఆ పార్టీ సభ్యుడు జర్మను పార్లమెంటులో అడుగిడుట 1949 ఎన్నికల తరువాత అదియే మొదలు. అంతటి శక్తిగల రాజ్యము ఒక సరిహద్దు భాషవారికి ఒక ఆసనమిచ్చుటచే బలహీనపడలేదు. లోపము లేదా యనిన, ఉన్నది. సభ ఉబ్బిపోవుచున్నదని 2023లో చట్టము మార్చగా, 2025 ఫిబ్రవరి ఎన్నికలలో తమ ప్రాంతములలో అందరికంటె ముందు నిలిచిన 23 మందికి స్థానమే దక్కలేదు. ప్రాంతమున గెలిచినవాడు బయట నిలుచుట మన ప్రజలు సహింపరు. ఆ దోషము మన యేర్పాటులో రాకుండ చూచుకొనవలెను.

మన దేశముననే ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1999లో లా కమిషను తన 170వ నివేదికలో, ఉన్న స్థానములను అట్లే యుంచి, నాల్గవ వంతు స్థానములను అదనముగా చేర్చి, వానిని పార్టీ పట్టికల ద్వారా నింపవలెనని సూచించినది. 2015లో 255వ నివేదికయు, ఏ మార్పు చేసినను మిశ్రమముగానే ఉండవలెననియు అందుకు స్థానములు పెంచక తప్పదనియు పలికినది. ఉన్న స్థానములను తగ్గించుటకు ఏ సభ్యుడును చేయెత్తడు. క్రొత్తవి చేరునప్పుడే ఇది సాధ్యము. కొన్ని విషయములలో మాత్రము కమిషనుతో మేము ఏకీభవింపము. దేశమంతటికి నూటికి 5 అను కనీస పరిమితి పెట్టినచో ప్రాంతీయ పార్టీలు తుడిచిపెట్టుకొనిపోవును. 1984లో ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశమే ఆ గీత దాటలేదు. పరిమితిని రాష్ట్రమును బట్టి ఉంచవలెను. భాషాల్పసంఖ్యాకుల విషయమున జర్మనీవలె మినహాయింపు ఉండవలెను. పట్టిక స్థానములను పంచునప్పుడు, నియోజకవర్గములలో ఇదివరకే దక్కినవానిని లెక్కలోనికి తీసికొనవలెను.

ఈ కడపటి మాట చిన్నదిగా కనుపించును గాని దానిలోనే సర్వము గలదు. 2014 తమిళనాటినే ఉదాహరణముగా తీసికొందము. 39 స్థానములకు పట్టికవి 10 చేరి 49 అయినవనుకొనుడు. నూటికి 44 వోట్లు వచ్చిన పార్టీకి న్యాయముగా 22 రావలెను. దానికి 37 ముందే వచ్చియున్నవి గనుక పట్టికలో వాటా లేదు. వానిని ఎవ్వరును లాగికొనరు. నాల్గవ వంతు వోట్లు వచ్చి శూన్యముతో మిగిలిన పార్టీకి ఆ పదింటిలో ఎక్కువ భాగము పోవును. ఇట్లు చేయక పదింటిని వేరుగ దామాషాగా పంచినచో, 37 వచ్చినవారికే మరల నాలుగో అయిదో చేరును. ఆకలిగొన్నవానికని వండిన అన్నమును విందారగించినవానికి వడ్డించుటయే యగును.

ఆక్షేపణములలో గట్టివి రెండు గలవు. పట్టికను తయారుచేయువాడు పార్టీ నాయకుడు. ఆయన బంధువులకును ధనవంతులకును అది దొడ్డిదారి కాదా? కావచ్చును. ఇప్పుడు నియోజకవర్గపు టిక్కెట్టును పంచుచున్నది ఆయనయే గదా అని బదులు చెప్పుట సులభము. కాని ఇప్పుడు ఆయన ఇచ్చిన పేరును ప్రజలు తిరస్కరింపగలరు, పట్టికలోని మొదటి పేరును తిరస్కరించుట కష్టము. పేర్ల వరుసను వోటరులే మార్చు ఏర్పాటును సింహళము చేసి చూచెను. అందుచే ఒకే పార్టీ అభ్యర్థులు ఒకరిపై నొకరు ధనము గుమ్మరించుకొను పోటీ పెరిగెను. పట్టికలను ఎన్నికలకు చాల ముందుగా ప్రకటించి, పిదప మార్చరాదని నిర్బంధించుట మాత్రమే మాకు తోచుచున్న మార్గము. అది సంపూర్ణమైన చికిత్స కాదని ఒప్పుకొందుము. కులమునకొక పార్టీ, ఉపకులమునకొక పార్టీ పుట్టుకొనివచ్చునను భయము రెండవది. ఇప్పటి పద్ధతిలో ప్రతి నియోజకవర్గమునందును కులముల లెక్క వేసికొనియే అభ్యర్థులను నిలుపుచున్నారు. ఆ లెక్క నూటికి 30 వోట్లతో గెలుపు సాధ్యమగుటచేతనే పదునెక్కినది. రాష్ట్రమంతట వోట్లు కావలసినవాడు ఒక్క కులముతో నెగ్గుకొనిరాలేడు. అయినను పరిమితిని మరీ తగ్గించినచో ఈ భయము నిజమే కాగలదు.

దక్షిణ రాష్ట్రములకు జనాభా పెరుగుదల తగ్గించుకొన్న పాపమునకు స్థానముల వాటా తగ్గునను ఆందోళనము వేరొకటి గలదు. దానిని మేము పూర్తిగా సమర్థించుచున్నాము. కాని దామాషా పట్టికలు దానికి మందు కావు. ఏ రాష్ట్రమునకు ఎన్ని అనునది ఒక ప్రశ్న. ఆ రాష్ట్రములో వానిని ఎట్లు నింపవలెను అనునది మరియొక ప్రశ్న. రెంటిని కలిపి కలగాపులగము చేయువారు రెంటిని చెడగొట్టుదురు.

ఇక యానాము. 2011లో ఆ పట్టణ జనసంఖ్య 55 వేల చిల్లర. గోదావరి ఒడ్డున నుండి వందల మైళ్ల దూరమున నున్న పుదుచ్చేరితో కలిసి ఒకే లోకసభ స్థానము. ఒకే స్థానమున్నచోట దామాషాకు తావు లేదు. పట్టికల వలన వారికి కలుగు మేలు లేదని నిజము చెప్పుట మా ధర్మము. అట్టి ఏకస్థాన ప్రాంతములలో గిరిగారిని గెలిపించిన ఇష్టక్రమ వోటు పనికివచ్చును. అప్పుడు యానాము వోటరు తనకు నచ్చినవానికి మొదటి ఇష్టమిచ్చి, గెలువగలవారిలో మేలైనవానికి రెండవ ఇష్టమియ్యగలడు. ఆ రెండవ ఇష్టము కొరకైన పుదుచ్చేరి అభ్యర్థులు వంతెన దాటి రావలసియుండును. దేశమంతట దీనిని పెట్టుడని మేము అడుగము. 2021లో తెలంగాణములోని నల్లగొండ, ఖమ్మము, వరంగల్లు పట్టభద్రుల స్థానమునకు 71 మంది నిలువగా, మూడు లక్షలకు పైగా వోట్లను ఇష్టక్రమమున లెక్కించుటకు దినములు పట్టినవి. పదునైదు లక్షల వోటరులున్న లోకసభ నియోజకవర్గమున ఆ లెక్క ఎన్నినాళ్లకు తెములునో ఊహించుకొనవచ్చును. ఇప్పటి వోటు యంత్రములును ఒక్క మీట నొక్కుటకే తగినవి. ఒకటి రెండు చిన్న ప్రాంతములలో కాగితముపై జరిపి చూచుట అసాధ్యము కాదు.

లోకసభ సభ్యులు ప్రాదేశిక నియోజకవర్గముల నుండియే ఎన్నిక కావలెనని 81వ అధికరణము చెప్పుచున్నది. కావున పట్టిక స్థానములకు రాజ్యాంగ సవరణము అవసరము. స్థానముల మొత్తము 550కి మించవలెనన్నను అదే అధికరణమును సవరింపక తప్పదు. రెంటికి ఒకే సవరణము చాలును. ఒక సాధారణ ఎన్నికకు మాత్రము వర్తింపజేసి, దాని ఫలితములను చూచి కొనసాగించుటయో మానుటయో ఆ తరువాతి పార్లమెంటు నిర్ణయించునట్లు అందులోనే వ్రాయవచ్చును. సరిహద్దులు గీచు సంఘము తన ఉత్తరువులు ప్రకటించిన పిదప వానిని ఏ న్యాయస్థానమునను ప్రశ్నింపరాదని 329వ అధికరణము నిషేధించుచున్నది. ఆ సంఘము పెరిగిన స్థానములన్నిటిని పాత రీతిని నియోజకవర్గములుగా కోసి పంచివేసిన తరువాత పట్టికలకు మిగులునది శూన్యము. స్థానములు పెంచు బిల్లు సభలో చర్చకు వచ్చిననాడే, ఈ సవరణమును అందులో చేర్చుమని కోరువారు కావలెను. బళ్లారి, కోలారు, కృష్ణగిరి, బరంపురము, షోలాపురము, పుదుచ్చేరి సభ్యులను వారివారి నియోజకవర్గములలోని తెలుగువారు ఇప్పుడే కలిసికొని, వారి అభిప్రాయమును వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెనని మా పాఠకులను కోరుచున్నాము. వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడ, ఈ పుటలోనే ప్రకటింతుము.